‘ఫ్రాంకెన్‌స్టైన్’లో విక్టర్ తప్పు ఎక్కడ మొదలైంది: కోరికలోనా, ఆ కోరికకు ముకుతాడు లేకపోవడంలోనా?

కొలనుగట్టు

మేరీ షెల్లీ రాసిన ‘ఫ్రాంకెన్‌స్టైన్’ నవలను ఈమధ్యే పూర్తిచేశాను. విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ అనే యువకుడు శవాల భాగాలతో ఒక ప్రాణిని తయారుచేసి, ప్రాణం పోసి, భయపడి వదిలేస్తాడు. అది పగబట్టి అతడి ఆప్తులను చంపుతుంది. దాన్ని వెంటాడుతూ ఉత్తరాది మంచు సముద్రం చేరి, అక్కడ వాల్టన్ అనే నావికుడి ఓడలో తన కథ చెబుతాడు. పరీక్షల కోసం అమ్మే గైడ్లలోనూ, వ్యాసాలలోనూ దీని సారాంశంగా చెప్పేది ఒక్కటే మాట: మనిషి అతిగా ఆశపడకూడదు, పడితే నాశనమవుతాడు. పుస్తకం చదివాక ఈ మాట నాకు బొత్తిగా చాలడం లేదు. ఉత్తరధ్రువానికి దారి కనుక్కోవాలని బయలుదేరిన వాల్టన్‌కు కూడా విక్టర్‌కు ఉన్నంత కీర్తికాంక్ష ఉంది. అయినా అతడు ప్రాణాలతో ఇంటిదారి పట్టాడు, విక్టర్ మాత్రం తమ్ముణ్ణి, స్నేహితుణ్ణి, భార్యను, తండ్రిని పోగొట్టుకుని మంచు సముద్రంలో చనిపోయాడు. కోరికే దోషమైతే ఇద్దరికీ ఒకే గతి పట్టాలి కదా? పైగా, ఆశలు వదులుకొని ప్రశాంతంగా బతకమని వాల్టన్‌కు చెప్పిన విక్టరే, ఆ వెంటనే తాను ఓడిపోయినా మరొకడు గెలవవచ్చునని అంటాడు. రచయిత్రి నిజంగా దేన్ని తప్పుబడుతున్నారో, నవలలోని ఘట్టాల ఆధారంగా చెప్పగలవారు చెప్పండి.

పాతపుస్తకం

గైడ్లు తేల్చి చెప్పినంత మాత్రాన అది తప్పు కాదు. విక్టర్ తన కథ చెబుతూ, తన స్వభావం అనుమతించిన దానికంటే గొప్పవాడు కావాలని పాకులాడేవాడికంటే తన ఊరే ప్రపంచమనుకునేవాడు ఎంతో సుఖంగా ఉంటాడని స్వయంగా అన్నాడు. అయితే అతడు ఆశించింది ఏమిటో కూడా చూడాలి. ఒక కొత్త జాతి తనను సృష్టికర్తగా కొలుస్తుందని, ఏ తండ్రికీ బిడ్డల నుంచి దక్కనంత కృతజ్ఞత తనకు దక్కుతుందని అతడు ముందుగానే ఊహించుకున్నాడు. చావును జయించి లోకానికి మేలు చేయాలన్న మాటలు ఉన్నాయి, కాదనను. కానీ పని ఊపందుకున్నకొద్దీ ఆ మేలు వెనక్కు వెళ్లిపోయి, తనను కొలిచేవారి మీద మోజు ముందుకు వచ్చింది. కాబట్టి దోషం కోరికలోనే ఉందని నా అభిప్రాయం. దారి తర్వాత తప్పలేదు, మొదటి అడుగే తప్పుదారిలో పడింది.

అనాటమీ_హాలు

వైద్య విద్యార్థిగా నన్ను పట్టుకుని వదలని చిన్న వివరం ఒకటి ఉంది. ఆ ప్రాణి ఎనిమిది అడుగుల ఎత్తు ఎందుకుందో గమనించారా? శరీర భాగాలు మరీ సన్నగా ఉంటే పని ఆలస్యమవుతుందని, త్వరగా ముగించడానికి విక్టర్ తన మొదటి ఆలోచనను మార్చుకొని అన్నిటినీ పెద్దవిగా చేయాలని నిర్ణయించుకున్నాడు. అంటే ఆ ప్రాణి జీవితాంతం మనుషులను భయపెట్టిన ఆకారం, దాన్ని తయారుచేసినవాడి తొందర వల్ల వచ్చింది. సౌకర్యం ఇతనిది, దాని ఫలితం అనుభవించినది మరొకరు. నవల మొత్తంలో కీర్తికాంక్ష ఎంత ప్రమాదకరమో నాకు ఇక్కడ అర్థమైనంతగా ఇంకెక్కడా అర్థం కాలేదు. అవయవాలను అందంగా ఉండేలా ఏరుకున్నానని చెప్పుకున్న మనిషి, పచ్చబారిన కన్ను తెరుచుకోగానే గది వదిలి పారిపోయాడు.

సాయంకాలపు_చదువు

పాతపుస్తకం గారితో నేను ఏకీభవించను. అనాటమీ హాలు గారు చివర్లో చెప్పిన ఆ పారిపోవడమే అసలు నేరం. ప్రాణం పోయడం తప్పా కాదా అన్నది వేదాంత చర్చ. ప్రాణం పోసినదాన్ని విడిచిపెట్టడం తప్పు అని చెప్పడానికి ఏ వేదాంతమూ అక్కరలేదు. ఆ ప్రాణి పుట్టుకతో దుర్మార్గమైనది కాదు. అడవిలో ఒక గుడిసె పక్కనున్న కొట్టులో దాక్కుని, ఆ ఇంటివారు పేదవారని తెలుసుకున్నాక వాళ్ల ఆహారంలో నుంచి దొంగిలించడం మానేసి, దుంపలూ కాయలూ తిని బతికింది. రాత్రిపూట వాళ్ల కోసం కట్టెలు కొట్టి గుమ్మం దగ్గర పెట్టింది. ఆ ఇంటి పెద్ద, చూపు లేని డి లేసీ దాని మాటలను ఆదరంగా విన్నాడు. చూపున్న అతడి కొడుకు ఫెలిక్స్ కర్రతో కొట్టాడు. తన పేరే పెట్టుకోదగిన ఒక బిడ్డకు పేరు కూడా పెట్టని తండ్రి కథ ఇది.

రచయిత్రి జీవితం తెలిస్తే ఈ బాధ ఎక్కడిదో తెలుస్తుంది. 1797లో ఆమె పుట్టిన కొద్ది రోజులకే తల్లి మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ కన్నుమూశారు. 1815లో ఆమెకు నెలలు నిండకుండా పుట్టిన ఆడశిశువు కొద్ది రోజులకే పోయింది. ఆ బిడ్డ చల్లబడిందంతే, నిప్పు దగ్గర పెట్టి ఒళ్లు రుద్దితే లేచిందని కల వచ్చినట్లు ఆమె తన డైరీలో రాసుకున్నారు. ఆ మరుసటి ఏడాదే ఈ నవల మొదలైంది. చనిపోయినవారిని బతికించుకోవాలన్న కోరికను అంత దగ్గరగా తెలిసిన మనిషి, ఆ కోరికనే పాపమని తీర్పు చెబుతారని నేను నమ్మలేను.

వీరభద్ర_రీడర్

మన పంచతంత్రంలో సింహం ఎముకలకు ప్రాణం పోసిన పండితుల కథ ఉంది కదా. చదువు లేకున్నా లోకజ్ఞానం ఉండి, ఆగమని చెప్పి చెట్టెక్కినవాడొక్కడే బతికాడు. రెండు కథలూ ఒకటే చెబుతున్నాయి.

సాయంకాలపు_చదువు

ఒకటే చెప్పడం లేదు, వీరభద్ర గారూ. సింహం లేచీ లేవగానే పండితులను తినేసింది, ఎందుకంటే సింహం స్వభావమే అది. ఇక్కడ లేచిన ప్రాణి మొదట చేసిన పని తన సృష్టికర్త మంచం దగ్గరకు వచ్చి చేయి చాచడం. ఆ కథలో పండితులకు లోకజ్ఞానం లేదు. ఈ కథలో విక్టర్‌కు లేనిది దయ.

వీరభద్ర_రీడర్

తేడా ఒప్పుకుంటున్నాను. అయినా, ఆగమని చెప్పినవాడి మాట ఆ పండితులు వినలేదు. విక్టర్‌కు ఆ మాట చెప్పినవారు ఎవరు? నాకు ఒక్కరూ గుర్తుకు రావడం లేదు.

వకాల్తా

చెప్పేవారు లేకపోవడం యాదృచ్ఛికం కాదు, అతడే లేకుండా చేసుకున్నాడు. అతడు విశ్వవిద్యాలయంలో చదివిన ఇంగోల్‌స్టాట్ ఊళ్లో అతడి పని గది మేడ పై భాగాన, మిగిలిన గదులకు నడవా, మెట్లు అడ్డంగా ఉన్నచోట ఉంది. శ్మశానాల నుంచి, కోత గదుల నుంచి, కబేళాల నుంచి తెచ్చిన సామగ్రి అక్కడికి చేరింది. పాఠం చెప్పిన వాల్డ్‌మన్‌కు తెలియదు, తండ్రికి తెలియదు, ప్రాణస్నేహితుడు క్లెర్వాల్‌కు తెలియదు. దాదాపు రెండేళ్లపాటు ఎవరికీ చూపించని పని అది.

నేను న్యాయవాద వృత్తిలో ఉన్నందువల్ల, విక్టర్ ఇంట్లో పనిచేసే జస్టీన్ విచారణ ఘట్టాన్ని మరీ నిదానంగా చదివాను. తన తమ్ముడు, చిన్నారి విలియమ్‌ను చంపింది ఆ ప్రాణేనని విక్టర్‌కు తెలుసు, లేదా తెలుసునని అతడు గట్టిగా నమ్ముతున్నాడు. హతుడి మెడలోని చిత్రం జస్టీన్ జేబులో దొరికిందన్నదే ప్రధాన ఆధారంగా ఆమె మీద కేసు నడిచింది. పాపక్షమాపణ వినే మతాధికారి నరకం పేరు చెప్పి బెదిరిస్తే, చేయని నేరాన్ని ఆమె ఒప్పుకుంది. విక్టర్ కోర్టులోనే ఉన్నాడు. నోరు విప్పితే తనను పిచ్చివాడంటారని ఊరుకున్నాడు. ఉరికంబం ఎక్కుతున్న ఆమెకంటే తానే ఎక్కువ బాధపడ్డానని తర్వాత చెప్పుకున్నాడు కూడా. ఇంట్లో పనిచేసే ఒక పేదపిల్ల ప్రాణాన్నీ తన పరువునూ తక్కెడలో పెట్టి, పరువు వైపే మొగ్గిన ఈ మనిషి మీద నాకు జాలి కలగలేదు. కీర్తి కోసం మొదలైన రహస్యం, కీర్తి పోతుందన్న భయంతో ఒక హత్యకు కాపు కాసింది.

పాతపుస్తకం

జస్టీన్ విషయంలో వకాల్తా గారి మాటకు నా దగ్గర జవాబు లేదు. అయితే ఆ రహస్యం ఎందుకు పుట్టిందో చూడండి. మంచి పని చేస్తున్నానన్న నమ్మకం ఉన్నవాడు తలుపులు ఎందుకు వేసుకుంటాడు? లోపల ఏదో తప్పు జరుగుతున్నదని అతడికి తెలుసు.

పరిశోధక_విద్యార్థిని

తలుపులు వేసుకోవడానికి తప్పు చేస్తున్నామన్న భావనే ఉండనక్కరలేదు, పాతపుస్తకం గారూ. పరిశోధనశాలలో పనిచేసే నాకు అది ప్రతిరోజూ కనిపించే విషయం. ఫలితం ఇంకెవరైనా ముందుగా ప్రకటిస్తారేమోనన్న భయం చాలు. మా విభాగంలో ఒక సీనియర్ తన ప్రయోగం పూర్తయ్యేదాకా నోట్‌బుక్‌ను ఎవరికీ చూపించలేదు. మొదటి నెలలోనే జరిగిన కొలత పొరపాటు చివరికిగానీ బయటపడలేదు. చాలా మంచి మనిషి ఆయన. పక్కన కూర్చున్నవారు ఒకసారి చూసి ఉంటే అంత శ్రమ వృథా అయ్యేది కాదు.

విక్టర్ తండ్రి అతడికి ముందే ఒక మాట చెప్పి పంపాడు: నీ దగ్గర నుంచి ఉత్తరాలు రావడం ఆగితే, మిగిలిన బాధ్యతలను కూడా అలాగే వదిలేశావని అనుకుంటాను. ఎంత సరైన కొలమానమో చూడండి. ఒక వేసవి అంతా పూలు పూసి, పంటలు పండి వెళ్లిపోయినా విక్టర్ కళ్లకు అవి ఆనలేదు. ఇంటికి ఉత్తరం రాయలేదు. హాస్టల్లో ఉన్న రోజుల్లో మా అమ్మ ఫోను ఎత్తకుండా ప్రయోగం ముగించుకున్న సందర్భాలు నాకు ఉన్నాయి కాబట్టి, ఆ వాక్యాలు చదివినప్పుడు పుస్తకం మూసి మొదట ఇంటికి ఫోన్ చేశాను.

మంచుదారి

కొలనుగట్టు గారి మొదటి ప్రశ్నకు, అంటే వాల్టన్ గురించి ఇంకా ఎవరూ జవాబివ్వలేదు. నా దృష్టిలో నవల మొత్తానికి కీలకం అక్కడే ఉంది.

వాల్టన్ విక్టర్ కంటే వినయవంతుడేమీ కాదు. తాను కోరుకునే జ్ఞానానికి ఒక మనిషి చావుబతుకులు చాలా చిన్న మూల్యమని రచయిత్రి సవరించిన 1831 ముద్రణలో అతడు విక్టర్ ముఖం మీదే అంటాడు. నా పిచ్చి నీకూ పట్టిందా అని విక్టర్ ఉలిక్కిపడి, అప్పుడు తన కథ మొదలుపెడతాడు. ఇద్దరికీ పట్టినది ఒకే జబ్బు. తేడా వాల్టన్ ఎక్కిన ఓడలో ఉంది. అతడితో పాటు నావికులు ఉన్నారు. వాళ్లకు ఇళ్లున్నాయి, చలికి కొందరు చనిపోయారు, చుట్టూ మంచు బిగుసుకుంది. మంచు విడిపోతే దక్షిణానికి తిరుగుతానని మాట ఇమ్మని వాళ్లు క్యాబిన్‌లోకి వచ్చి నాయకుణ్ణి అడిగారు. చివరికి అతడు ఒప్పుకున్నాడు. ఇంకో వైపు అతడికి ఇంగ్లండ్‌లో అక్క మార్గరెట్ ఉంది, ప్రతి ఆలోచననూ ఆమెకు ఉత్తరంగా రాస్తూనే ఉన్నాడు. అంటే పైన ఒక మనిషి కళ్లు, కింద కొందరు మనుషుల ప్రాణాలు అతణ్ణి ఆపుతున్నాయి. విక్టర్ గదిలో ఈ రెండూ లేవు.

ఇంకా విచిత్రం ఏమిటంటే, వెనుదిరగమని నావికులు అడిగినప్పుడు వాళ్లను రెచ్చగొట్టినవాడు విక్టరే. మగవాళ్లలా నిలబడండి, మగవాళ్లకు మించి నిలబడండి, వీరులై ఇంటికి వెళ్లండి అని మరణశయ్య మీద నుంచి ఉపన్యాసం ఇచ్చాడు. తన కథంతా హెచ్చరికగా చెప్పినవాడే అంతలో ఇతరుల ప్రాణాలను మళ్లీ పణం పెట్టబోయాడు.

కొలనుగట్టు

మంచుదారి గారూ, ఆ ఉపన్యాసాన్ని నేను నిజమైన ధైర్యవచనాలుగానే చదువుకుంటూ వెళ్లిపోయాను. మీరు చెప్పాక, అది కథలో ఎక్కడ వస్తుందో చూస్తే అర్థం పూర్తిగా మారిపోతున్నది. అయితే దీన్ని బట్టి విక్టర్ ఏమీ నేర్చుకోలేదని అనాలా?

అనాటమీ_హాలు

కొంత నేర్చుకున్నాడు. స్కాట్లండ్ ఉత్తరాన ఆర్క్నీ దీవుల్లో, మూడే గుడిసెలున్న ఒక చిన్న దీవిలో మొదటి ప్రాణి తనకు తోడుగా కోరిన ఆడప్రాణిని తయారుచేస్తూ, అతడు మొదటిసారి పని మధ్యలో ఆగి పర్యవసానాలను ఆలోచించాడు. ఆ జంటకు సంతానం కలిగితే రాబోయే తరాల మనుషుల గతి ఏమిటని తనను తానే ప్రశ్నించుకున్నాడు. తాను పుట్టకముందే ఇతరులు చేసుకున్న ఒప్పందానికి ఆ ఆడప్రాణి ఎందుకు కట్టుబడాలన్న ప్రశ్న కూడా అతడికి వచ్చింది. మొదటిసారి ఇవేవీ రాలేదు.

సాయంకాలపు_చదువు

ప్రశ్నలు సరైనవే, కానీ వాటికి జవాబు మళ్లీ ఒంటరిగానే చెప్పుకున్నాడు. తాను మాట ఇచ్చిన ప్రాణి కళ్ల ముందే ఆ శరీరాన్ని చించివేశాడు, మిగిలిన భాగాలను బుట్టలో రాళ్లతో కలిపి రాత్రివేళ సముద్రంలో వదిలాడు. మూల్యం క్లెర్వాల్ చెల్లించాడు, పెళ్లిరాత్రి అతడి భార్య ఎలిజబెత్ చెల్లించింది. నీ పెళ్లిరాత్రి నేను వస్తానన్న ప్రాణి హెచ్చరిక విన్నాక కూడా, అది తన మీదకే వస్తుందనుకొని పిస్తోలు పట్టుకుని బయట తిరిగాడే తప్ప, ఆమెకు విషయం చెప్పలేదు. పెళ్లి మరుసటి రోజు అంతా చెబుతానని అప్పటికే ఉత్తరం రాశాడు. మరుసటి రోజు ఆమె లేదు. కథలో తానొక్కడే ముఖ్యుడనుకునే అలవాటు అంత లోతుగా పాతుకుంది.

తూర్పుగాలి

క్లెర్వాల్ పేరు వచ్చింది కాబట్టి, మనకు సూటిగా సంబంధించిన విషయం ఒకటి చెప్పాలి. అతణ్ణి అందరూ విక్టర్‌కు వ్యతిరేకంగా, ఆశలను అదుపులో ఉంచుకున్న మంచివాడిగా చూపిస్తారు. 1831 ముద్రణలో అతడు పారసీకం, అరబిక్, సంస్కృతం నేర్చుకున్నాడు. ఎందుకు? భారతదేశానికి వెళ్లి, ఇక్కడి భాషల గురించి తనకున్న జ్ఞానంతో యూరోపియన్ల వలసపాలనకూ వాణిజ్యానికీ తోడ్పడాలన్నది అతడి ఆశయం. అప్పటికి ఉత్తర సర్కారులు కంపెనీ చేతిలోకి వెళ్లి అరవై ఏళ్లు దాటింది. మనవాళ్ల వైపు నుంచి చదివితే ఆ నిరపాయమైన ఆశయం అంత నిరపాయంగా కనిపించదు.

ఇదే నవలలో విక్టర్ ఒకచోట, ఇంటివారి మీది ప్రేమను బలహీనపరిచే ఏ పనీ మంచిది కాదని, ఈ నియమాన్ని అందరూ పాటించి ఉంటే గ్రీసు బానిసత్వంలో పడేది కాదని, మెక్సికో, పెరూ సామ్రాజ్యాలు నాశనమయ్యేవి కావని అంటాడు. దేశాలను మింగే ఆశ, ప్రయోగశాలలోని ఆశ ఒకే వేరు నుంచి పుట్టాయని రచయిత్రి గుర్తించారు. అటువంటప్పుడు క్లెర్వాల్ ఆశయాన్ని ఆ వాక్యం పక్కన పెట్టి చదవవలసిన బాధ్యత మనది.

పాతపుస్తకం

ఇది నేను గమనించని కోణం. దీని మీద విడిగా చర్చ పెట్టండి, తప్పకుండా వస్తాను.

నాటకాల_రావు

కొలనుగట్టు గారికి విసుగు తెప్పించిన ఆ గైడు మాట ఎక్కడిదో కొంతవరకు చెప్పగలను. 1818లో రచయిత్రి పేరు లేకుండా 500 ప్రతులతో వచ్చిన నవల, 1823లో లండన్ రంగస్థలం ఎక్కింది. ఆ నాటకానికి పెట్టిన పేరులోనే దుస్సాహసం అన్న మాట ఉంది. మనిషి తన హద్దు దాటాడన్న తీర్పు తెర లేవకముందే వచ్చేసింది. నవలలో అంత చక్కగా మాట్లాడే ప్రాణికి నాటకంలో మాటలే లేవు. 1931 నాటి హాలీవుడ్ సినిమాలోనైతే సహాయకుడు నేరస్థుడి మెదడును తెచ్చి ఇస్తాడు కాబట్టి, ప్రాణి చెడిపోవడానికి పుట్టుకే కారణమైంది. మంచు మీద ఎదురై, నేను నీ ఆదామును కావలసినవాణ్ణి అని తన సృష్టికర్తను నిలదీసే గొంతును తీసేస్తే, మిగిలేది శాస్త్రవేత్త అహంకారం ఒక్కటే.

వీరభద్ర_రీడర్

విద్యుత్తుతో ప్రాణం పోయడం కూడా సినిమా కల్పనేనా?

అనాటమీ_హాలు

పిడుగులూ యంత్రాలూ సినిమావి. నవలలో ఆ వాక్యం చాలా క్లుప్తంగా ఉంటుంది, జీవపు నిప్పురవ్వ అన్న మాట తప్ప పద్ధతి చెప్పదు. అయితే గాల్వనిజం, అంటే విద్యుత్తుతో కండరాలను కదిలించడం, దాని ప్రస్తావన 1831 ముందుమాటలో ఉంది. 1803లో ఇటలీ శాస్త్రవేత్త ఆల్డీని లండన్‌లో, ఉరితీసిన ఖైదీ శవానికి విద్యుత్తు పంపినప్పుడు దవడ వణికింది, ఒక కన్ను తెరుచుకుంది. కానీ ఆ ప్రయోగం పదిమంది ఎదుట జరిగింది, వివరాలు అచ్చయ్యాయి, చూసినవారు ప్రశ్నించగలిగారు. పరిశోధక విద్యార్థిని గారు చెప్పిన తేడా ఇదే.

వకాల్తా

పదిమంది చూస్తే చాలునా? ఆ ఖైదీని అడిగినవారు లేరు. నలుగురి ఎదుట జరిగిన క్రూరత్వాలు చరిత్రలో తక్కువ లేవు. చూసేవారిలో, ఆ పని వల్ల నష్టపోబోయేవారు కూడా ఉండాలి. వాల్టన్ ఓడలో ఉన్నది వాళ్లే.

మంచుదారి

సరిగ్గా అందుకున్నారు. నావికులు వాల్టన్ కంటే జ్ఞానులని రచయిత్రి ఎక్కడా చెప్పలేదు. చావు తమది కాబట్టి వాళ్లు అడిగారు.

కొలనుగట్టు

అయితే విక్టర్‌కు లేనిది, వాల్టన్‌కు ఉన్నది మంచి బుద్ధి కాదు, తన మీద హక్కుగా అడగగల మనుషులు అని అర్థం చేసుకుంటున్నాను. పాతపుస్తకం గారు దీనికి ఒప్పుకుంటారా?

పాతపుస్తకం

సగం ఒప్పుకుంటాను. వాల్టన్‌ను మీరందరూ కొంచెం ఎక్కువగా మెచ్చుకుంటున్నారు. వెనుదిరగడానికి ఒప్పుకున్న రోజున అతడు అక్కకు రాసిన ఉత్తరం మరోసారి చూడండి. నావికుల పిరికితనం వల్ల తన ఆశలు మట్టిపాలయ్యాయని, ఏమీ తెలుసుకోకుండా నిరాశతో తిరిగి వస్తున్నానని, ఈ అన్యాయాన్ని ఓర్చుకునేంత నిగ్రహం తనకు లేదని రాశాడు. విక్టర్ కథంతా విని, స్వయంగా రాసిపెట్టుకున్న మనిషి మాటలివి. కోరిక అణువంత కూడా తగ్గలేదు. నావికులు కాపాడింది వాళ్ల ప్రాణాలను, అతడి ప్రాణాన్ని. అతడి మనసును కాదు. అందుకే దోషం కోరికలోనూ ఉందన్న నా మాట మీద ఇంకా నిలబడుతున్నాను.

మంచుదారి

ఆ ఉత్తరాన్ని నేనూ కాదనలేను. అయినా ఓడ దక్షిణానికే తిరిగింది, పాతపుస్తకం గారూ. నిజంగానే తిరిగి వెళ్తున్నావా అని విక్టర్ అడిగితే, ఇష్టం లేని మనుషులను అపాయంలోకి తీసుకుపోలేనని వాల్టన్ అన్నాడు. నువ్వు వెళితే వెళ్లు, నేను మాత్రం నా పని వదలనని విక్టర్ లేవబోయి పడిపోయాడు. మనసులో అంత కోపం పెట్టుకుని కూడా వాల్టన్ ఆ జవాబు చెప్పగలిగాడు కాబట్టే, నా లెక్కలో వాళ్లిద్దరూ ఒకటి కారు.